కొండ దిగేటప్పుడు మెట్టు కనపడాలి: ట్రెక్కింగ్‌కీ ఆటలకీ కళ్లజోడా, లెన్సా, లేజరా?

కళ్లు పరీక్షించేది ఏసీ గదిలో, కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా వెలిగే అక్షరాలు చదివించి. మంగళగిరి పానకాల స్వామి మెట్లు గానీ, కొండవీడు కోట దారి గానీ, కొండపల్లి అడవి బాట గానీ అలా ఉండవు. ఎండకి భయపడి చీకటితోనే ఎక్కడం మొదలుపెడతాం. ఎనిమిదింటికల్లా సూర్యుడు మొహం మీదికొస్తాడు. చెమట కనుబొమ దాటి కంట్లోకి దిగుతుంది, అద్దాలు ముక్కు మీద జారిపోతుంటాయి. ఎక్కేటప్పుడు మెట్టు మొహానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి చూపు కొంచెం తేడాగా ఉన్నా నెట్టుకొస్తాం. దిగేటప్పుడు మాత్రం మెట్టు అంచు ఎక్కడుందో, రాయి కదులుతుందో లేదో ఐదారడుగుల పైనుంచే తేల్చుకోవాలి. అందుకని ఏది కొన్నా, ఏది చేయించుకున్నా దిగే దారిని మనసులో పెట్టుకునే ఎంచుకోండి.

మొదటి పని: పవర్ చీటీ సరిచూసుకోవడం

ఏడాది దాటిన చీటీతో కొత్త జోడు చేయించొద్దు. షాపులో గడ్డం ఆనించమని మిషన్ మీద తీసే రీడింగ్ ఆరంభానికి ఆసరా మాత్రమే. ఆ తర్వాత ఒక్కో అద్దం మార్చి "ఇది బాగుందా, అది బాగుందా" అని అడిగి తేల్చిందే అసలు పవర్. చీటీలో రెండు కళ్లకీ స్ఫియర్ (అసలు ప్లస్ లేదా మైనస్ పవర్), సిలిండర్ (కంటి వంపులో తేడాని సరిచేసే పవర్), యాక్సిస్ (ఆ సిలిండర్ కోణం), నలభై దాటినవాళ్లకి యాడ్ (దగ్గరవి చదవడానికి కలిపే పవర్) ఉండాలి. వీటితోపాటు కంటిపాపల మధ్య దూరం, అంటే పీడీ, మిల్లీమీటర్లలో రాయించుకోండి. అడగకపోతే చాలాచోట్ల రాయరు.

0.50 సిలిండర్‌ని "ఇంతే కదా" అని వదిలేయడం మామూలే. పగటి వెలుగులో దానితో పెద్ద ఇబ్బంది ఉండదు. తెల్లవారుజామున కంటిపాప పెద్దదవుతుంది కాబట్టి ఆ చిన్న తేడాయే రాతి అంచుని మసక చేస్తుంది. చీకట్లో ఎక్కే అలవాటుంటే అద్దాల్లో దాన్ని పెట్టించుకోండి.

షుగరున్నవాళ్లు అది అదుపులో ఉన్న రోజుల్లోనే పవర్ చూపించుకోవాలి. షుగర్ ఎగుడుదిగుళ్లకి పవర్ కూడా మారిపోతుంది. ఇక మైనస్ 6 దాటినవాళ్లు చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవడం తప్పనిసరి. ఎక్కువ మైనస్ ఉన్న కన్ను పొడుగ్గా సాగి ఉంటుంది, వెనక పొర పలచబడి చిరుగులు పడే అవకాశం ఎక్కువ. ఈ పరీక్షకి విజయవాడవాళ్లకి తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ క్యాంపస్, గుంటూరువాళ్లకి పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి దగ్గర. మీకు నమ్మకమైన కంటి డాక్టరు ఉంటే అక్కడికే వెళ్లండి. చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు అలుక్కుపోయినట్టుంటుంది, బండి మీరు నడపొద్దు.

రెండో పని: ఆటని బట్టి ఆలోచించడం

కొండలెక్కేవాళ్లకి పెద్ద శత్రువులు చెమట, దుమ్ము, కళ్లకి తగిలే కంప. కృష్ణలో భవానీ ద్వీపం వైపు కయాక్ తిప్పేవాళ్లకి నీళ్ల మీంచి కొట్టే తళుకు, జోడు నీళ్లపాలవుతుందన్న భయం. సైకిలువాళ్లకి గాలి, పురుగులు. కబడ్డీ, బాక్సింగుల్లో కళ్లజోడు మాటే లేదు. అవి ఆడేవాళ్లు నేరుగా లెన్సులూ లేజరూ ఉన్న భాగాలకి వెళ్లండి.

బ్యాడ్మింటన్ సంగతి విడిగా చెప్పాలి. క్రికెట్ బంతి కంటి గుంటకన్నా పెద్దది, దెబ్బలో చాలాభాగం చుట్టూ ఉన్న ఎముక కాస్తుంది. షటిల్ బిరడా చిన్నది, నేరుగా గుంటలోకి దూరి కనుగుడ్డుకే తగులుతుంది. డబుల్స్‌లో నెట్ దగ్గర నిలబడేవాళ్లకి ప్రమాదం ఇంకా ఎక్కువ. పవర్ లేకపోయినా పాలికార్బనేట్ గాగుల్స్ పెట్టుకోవాలి. మామూలు కళ్లజోడు దీనికి రక్షణ కాదు. అది పగిలితే ముక్కలు కంట్లోకే పోతాయి.

మూడో పని: కళ్లజోడు ఎంచుకోవడం

చాలామందికి మంచి ఆరంభం ఇదే. చెయ్యి కంటికి తగలక్కర్లేదు, నచ్చకపోతే తీసేయొచ్చు.

ముందు అద్దం. గాజు వద్దు. మామూలు ప్లాస్టిక్ అద్దం, అంటే సీఆర్-39, చూపుకి బాగుంటుంది కానీ గట్టి దెబ్బకి పగులుతుంది. బయట తిరగడానికి పాలికార్బనేట్ గానీ ట్రైవెక్స్ గానీ అడగండి. ఇండెక్స్ అంటే అద్దం కాంతిని వంచే శక్తి, అది పెరిగేకొద్దీ అద్దం పలచనవుతుంది. పాలికార్బనేట్ ఇండెక్స్ 1.586, ట్రైవెక్స్ 1.53. మొదటిది పలచగా వస్తుంది, సులువుగా దొరుకుతుంది. దాని లోపం అద్దం అంచుల్లో తెలుస్తుంది. పవర్ ఎక్కువైతే పక్క చూపులో తెల్లటి వస్తువులకి రంగు గీతలు కనపడతాయి. ట్రైవెక్స్‌లో ఆ బాధ తక్కువ, బరువూ తక్కువ, కాకపోతే కాస్త మందం. మైనస్ 3 లోపు అయితే ట్రైవెక్స్, అది దాటితే పాలికార్బనేట్ అన్నది మా సలహా. "పలచటి అద్దం" అని 1.67, 1.74 ఇండెక్స్‌వి చూపిస్తారు. అవి అందానికి బాగుంటాయి గానీ, దెబ్బ తట్టుకోవడంలో పాలికార్బనేట్‌కి సాటి రావు. పాలికార్బనేట్ మెత్తన, గీతలు తొందరగా పడతాయి. హార్డ్ కోటింగ్ లేకుండా తీసుకోవద్దు.

ఫ్రేమ్ కాడ లోపలివైపు 54, 18, 140 లాంటి అంకెలుంటాయి. మొదటిది అద్దం వెడల్పు, రెండోది ముక్కు వంతెన, మూడోది కాడ పొడవు. మొదటి రెండూ కూడితే 72. మీ పీడీ 62 అయితే తేడా 10. అంటే ఒక్కో అద్దం మధ్యభాగాన్ని 5 మి.మీ. లోపలికి జరిపి కోయాలి, మైనస్ పవర్‌లో బయటి అంచు ఆ మేరకి లావెక్కుతుంది. తేడా ఎంత తగ్గితే జోడు అంత తేలిక, అంత తక్కువ జారుడు. పెద్ద ఫ్రేముల ఫ్యాషన్ కొండ మీద పనికిరాదు.

ఫ్రేముకి నైలాన్ జాతి టీఆర్90 బాగుంటుంది. వంగుతుంది, చెమటకి పాడవదు. మెటల్ అయితే ముక్కు ప్యాడ్‌ల దగ్గర, స్క్రూల దగ్గర చెమట ఉప్పుకి పచ్చగా చిలుమెక్కుతుంది. రిమ్ లేనివాటి జోలికి వెళ్లొద్దు. మొహం చుట్టూ వంగిన స్పోర్ట్స్ ఫ్రేములకి పవర్ పరిమితి ఉంటుంది. సుమారు మైనస్ 4 దాటితే, సిలిండర్ 2 దాటితే వంపు అద్దంలో పక్కచూపు వంకర్లు పోతుంది. అలాంటప్పుడు బయట నల్లద్దం, లోపల పవర్ అద్దాలు బిగించే ఇన్‌సర్ట్ రకం అడగండి. కాకపోతే ఇన్‌సర్ట్‌కి మంచు (ఆవిరి మసక) త్వరగా పడుతుంది, రెప్పవెంట్రుకలు కూడా తగులుతుంటాయి.

షాపులోనే ఈ పరీక్షలు చేయండి. జోడు పెట్టుకుని తల బాగా వంచి, చేతులు వదిలేసి, తలని నాలుగుసార్లు అడ్డంగా ఊపండి. తర్వాత పదిసార్లు గెంతండి. షాపువాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. తర్వాత నుదుటికీ ముక్కుకీ తడి రాసుకుని మళ్లీ వంగండి. జారితే ముక్కు ప్యాడ్‌లు సిలికాన్‌వి వేయించండి, కాడ చివర్లు చెవి వెనక ఇంకాస్త వంచమనండి. జోడు జారకుండా తల వెనక పట్టీ కట్టినా ఈ సర్దుబాటు ముందే జరగాలి. సరిపోని ఫ్రేముని పట్టీతో లాగి బిగిస్తే అద్దం కంటికి దగ్గరై, వంకరై, పవర్ తేడా చేస్తుంది. పెట్టుకునే టోపీ, సైకిలు హెల్మెట్ వెంట తీసుకెళ్లి కలిపి చూడండి.

రంగు అద్దాల్లో యూవీ400 (ఎండలోని అతినీలలోహిత కిరణాలని, అంటే యూవీని, ఆపుతుందనే గుర్తు) రాసి ఉందా అన్నది ముందు చూడండి. నలుపుకీ యూవీకీ సంబంధం లేదు. యూవీ ఆపని నల్లద్దం మరీ చేటు, దాని చీకటికి కంటిపాప తెరుచుకుని యూవీ ఇంకా లోపలికి పోతుంది. ఏళ్ల తరబడి ఎండలో, దుమ్ములో తిరిగేవాళ్లకి తెల్లగుడ్డు మీంచి నల్లగుడ్డు మీదికి కండ పాకడం మన దగ్గర తరచూ చూసేదే. చీకటి ఎంతన్నదానికి 0 నుంచి 4 వరకు కేటగిరీలున్నాయి. 2 అయితే వెలుతురులో 18 నుంచి 43 శాతం, 3 అయితే 8 నుంచి 18 శాతం లోపలికి వస్తుంది. మన ఎండకి 3 సరిపోతుంది. చెట్ల నీడ ఎక్కువున్న దారికి 2 మేలు. 4 పెట్టుకుని బండి నడపకూడదు, అది మంచుకొండలకి. రంగుల్లో బూడిద రంగు ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. గోధుమ రంగు రాయికీ నీడకీ తేడా బాగా చూపిస్తుంది, దిగే దారికి అదే నయం.

పోలరైజ్డ్ అద్దం నది మీద హాయి. నీటి మీది తళుకు పోయి లోతు కూడా కొంత కనపడుతుంది. కాకపోతే ఫోనుని, వాచీని ఒక కోణంలో తిప్పితే స్క్రీన్ నల్లగా అయిపోతుంది. మ్యాప్ చూస్తూ నడిచేవాళ్లు కొనేముందు తమ ఫోనుతో పరీక్షించుకోవాలి.

ఎండకి నల్లబడే ఫోటోక్రోమిక్ అద్దాలు చీకట్లో ఎక్కి ఎండలో దిగేవాళ్లకి వినడానికి సరిగ్గా సరిపోయినట్టుంటాయి. చిక్కేమిటంటే వేడి పెరిగేకొద్దీ అవి తక్కువ నల్లబడతాయి. డిసెంబరులో బాగా నల్లబడిన జోడే మే నెల 43 డిగ్రీల్లో లేత రంగు దగ్గర ఆగిపోతుంది. కారులో అయితే ముందద్దమే యూవీని ఆపేస్తుంది కాబట్టి అసలు నల్లబడవు. మా ఓటు తెల్లద్దాల జోడు, దానికి తగిలించుకునే నల్ల క్లిప్‌కి.

జోడుని పార్క్ చేసిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయొద్దు. ఆ వేడికి ప్లాస్టిక్ సాగుతుంది, పైనున్న యాంటీ రిఫ్లెక్షన్ పొర అంత సాగలేక సన్నటి బీటలు పడుతుంది. అద్దమంతా సాలెగూడులా కనపడుతుంది. దానికి మరమ్మతు లేదు, అద్దాలు మార్చాల్సిందే. పొడిగా తుడవడం ఇంకో తప్పు. చొక్కా కొంగుతో తుడిస్తే అద్దం మీది ఇసుక ఉప్పుకాగితంలా గీస్తుంది. ముందు నీళ్లు పోయండి, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేలితో రాయండి, కడిగి మెత్తటి బట్టతో అద్దండి. ఆ లిక్విడ్ కాస్త పలచగా రాసి ఆరనిచ్చి తుడిస్తే మంచు పట్టడం కూడా కొంతసేపు ఆగుతుంది. ఆగినచోట నిలబడితే అద్దాలు మసకేస్తాయి, నడక మొదలవగానే గాలాడి పోతుంది. మొహానికి మరీ అతుక్కునే ఫ్రేముకి ఈ బాధ ఎక్కువ.

నాలుగో పని: చత్వారం వచ్చినవాళ్లు తప్పక చూడాల్సింది

నలభై, నలభైఐదు దాటినవాళ్లు బైఫోకల్ గానీ ప్రోగ్రెసివ్ గానీ పెట్టుకునే మెట్లు దిగుతుంటారు. ఆ అద్దం కిందిభాగం చదవడానికి. యాడ్ +2.00 అయితే అది స్పష్టంగా చూపించేది 50 సెం.మీ. దగ్గర. మీ పాదం కంటికి సుమారు 150 సెం.మీ. దూరంలో ఉంటుంది. కళ్లు దించి చూస్తే మెట్టు మసకగా, ఉన్నచోటుకన్నా జరిగినట్టు కనపడుతుంది. గుడి మెట్ల మీద పెద్దవాళ్లు తడుముకుంటూ దిగడానికి మోకాళ్లొక్కటే కారణం కాదు.

పరిష్కారం సులువు: దూరం పవర్ ఒక్కటే ఉన్న సింగిల్ విజన్ జోడు విడిగా చేయించుకోవాలి. ఫోను చూడాల్సి వస్తే జేబులో చిన్న రీడింగ్ గ్లాస్. మైనస్ 2.50 ఉన్నవాళ్లకి అదీ అక్కర్లేదు, జోడు తీస్తే 40 సెం.మీ. దగ్గర అక్షరాలు వాటంతటవే కనపడతాయి. తప్పనిసరై ప్రోగ్రెసివ్‌తోనే దిగాల్సి వస్తే కళ్లు దించకుండా గడ్డాన్ని రొమ్ముకి ఆనించేలా తల వంచి, అద్దం పైభాగంలోంచి మెట్టు చూడండి. కాంటాక్ట్ లెన్సుల్లో ఒక కన్ను దూరానికి, ఇంకో కన్ను దగ్గరకి పెట్టే మోనోవిజన్ పద్ధతి ఉంది. ఆఫీసుకి బాగానే ఉంటుంది. లోతు అంచనా తగ్గుతుంది కాబట్టి కొండకి వద్దు.

ఐదో పని: కాంటాక్ట్ లెన్సులు

జారవు, మంచు పట్టవు, పక్కచూపు పూర్తిగా ఉంటుంది, పైన ఏ నల్లద్దమైనా పెట్టుకోవచ్చు. ఆరుబయటకి వాడితే రోజు వాడి పారేసే డైలీలే వాడండి. ఆదివారాలు మాత్రమే పెట్టుకునేవాళ్లకి నెలవారీ లెన్స్ దండగ. తెరిచిన రోజు నుంచి నెల లెక్క, వాడిన రోజుల నుంచి కాదు. డైలీల పెట్టెలో 30 ఉంటాయి. రెండు కళ్లకీ ఒకే పవర్ అయితే ఒక పెట్టె 15 ఆదివారాలకి వస్తుంది.

కళ్లజోడు చీటీతో లెన్సులు కొనకూడదు. లెన్స్‌కి వంపు, అంటే బేస్ కర్వ్, వ్యాసం కొలవాలి. పవర్ కూడా మారుతుంది. కళ్లజోడు కంటికి 12 మి.మీ. దూరంలో ఉంటుంది, లెన్స్ కంటి మీదే ఉంటుంది. ప్లస్ గానీ మైనస్ గానీ 4 దాటితే ఆ తేడా లెక్కలోకి వస్తుంది. జోడులో మైనస్ 6.00 ఉంటే లెన్స్‌లో మైనస్ 5.50, మైనస్ 8.00 అయితే 7.25. సిలిండర్ 0.75 నుంచి ఉంటే టోరిక్ లెన్స్, అంటే సిలిండర్ పవర్ కూడా ఉండే లెన్స్, అడగండి. గట్టి ఆర్‌జీపీ లెన్సుల కింద ఇసుక రేణువు దూరితే కంట్లో సూది గుచ్చినట్టుంటుంది, మన దుమ్ముదారులకి అవి కుదరవు. కెరటోకోనస్ (నల్లగుడ్డు పలచబడి శంకువులా ముందుకి పొడుచుకొచ్చే జబ్బు) ఉండి మెత్తటివి పనిచేయనివాళ్లు పెద్దసైజు స్క్లెరల్ లెన్స్ గురించి డాక్టరుని అడగాలి.

ఇక గుంటూరువాళ్లకి ప్రత్యేక హెచ్చరిక, మిరపకాయ గురించి. ఆవకాయ కలిపిన చేతిని ఎంత కడిగినా కారం పూర్తిగా పోదు. కారంలో మంట పుట్టించేది నూనెలో కరుగుతుంది గానీ నీళ్లలో కరగదు. ఆ వేలితో లెన్స్ పట్టుకుంటే కారం లెన్స్‌కి అంటుకుని కంటి మీదే ఉండిపోతుంది. అందుకని పొద్దున్న టిఫిన్‌కి ముందే, పచ్చడి ముట్టకముందే లెన్సులు పెట్టుకోండి. కొండ దిగాక మిరపకాయ బజ్జీలు తినబోతే ముందు లెన్సులు తీసేయండి. చేత్తో తినేసి ఉంటే గిన్నెలు తోమే లిక్విడ్‌తో గోళ్ల సందులతో సహా రెండుసార్లు, ఆపైన మామూలు సబ్బుతో ఒకసారి కడగండి. అయినా మంట పుడితే లెన్స్ తీసి పారేయండి, కడిగి మళ్లీ పెట్టే ప్రయత్నం వద్దు. తర్వాత కంటిని శుభ్రమైన నీళ్లతో బాగా కడగాలి.

శానిటైజర్ రాసుకున్న చేత్తో లెన్స్ ముట్టొద్దు, అందులోని ఆల్కహాల్ నల్లగుడ్డుని మండిస్తుంది. సబ్బు కాగితాలు, అర లీటరు నీళ్లు, చేతులు ఆరబెట్టడానికి నూలు రాలని బట్ట ఉంచుకోండి. నీళ్లు చేతికే, లెన్స్‌కి తగలకూడదు. కుళాయి నీళ్లు, కృష్ణ నీళ్లు, స్విమ్మింగ్ పూల్ నీళ్లు, అన్నింటిలోనూ అకాంతమీబా ఉండొచ్చు. లెన్స్ కింద చేరితే నల్లగుడ్డుని తినేసే జీవి అది, నయం కావడానికి నెలలు పడుతుంది. మునగాల్సి వస్తే పవర్ ఉన్న స్విమ్మింగ్ గాగుల్స్ కొనుక్కోండి. అవి 0.50 చొప్పున రెడీమేడ్‌గా దొరుకుతాయి, సిలిండర్ ఉండదు. స్ఫియర్‌కి సగం సిలిండర్ కలిపి లెక్కేసుకోండి: మైనస్ 3.00, సిలిండర్ మైనస్ 1.00 అయితే మైనస్ 3.50 తీసుకోవాలి.

బండి మీద గాలికి లెన్స్ ఎండి కంటికి అతుక్కుంటే పీకొద్దు. లెన్సులకి పనికొచ్చే చుక్కలు వేసి నాలుగైదు నిమిషాలు రెప్పలాడించండి, అదే కదులుతుంది. లెన్సులతో పడుకోవడం ఒక్క రాత్రి క్యాంపులో కూడా వద్దు. లెన్సులున్నా పైన పవర్ లేని పాలికార్బనేట్ జోడు పెట్టుకోండి, కంపకొమ్మ లెన్స్‌ని చూసి ఆగదు.

ఆరో పని: లేజర్ గురించి తొందరపడకపోవడం

మన దగ్గర కళ్లజోడు వదిలించే లేజర్ ఆపరేషన్‌కి పెళ్లిచూపులే ముహూర్తం. ఆటకి చేయించుకునేవాళ్లు ఇంకొంచెం నిదానించాలి. 18 నిండి, ఏడాదిగా పవర్ 0.50 కి మించి మారకుండా ఉండాలి. పరీక్షకి ముందు మెత్తటి లెన్సులు ఒకటి రెండు వారాలు, గట్టివి మూడు నాలుగు వారాలు ఆపాలి. ఆపకపోతే నల్లగుడ్డు కొలత తప్పు వస్తుంది. టోపోగ్రఫీ (నల్లగుడ్డు వంపుని మ్యాప్‌లా కొలిచే పరీక్ష) చేయకుండా తేదీ ఇచ్చేచోట చేయించుకోవద్దు. దాగి ఉన్న కెరటోకోనస్‌ని పట్టేది ఆ పరీక్షే.

లాసిక్ అనే లేజర్ పద్ధతిలో నల్లగుడ్డు మీద సుమారు 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొరని మూతలా ఎత్తి కింద లేజర్ కొడతారు. పవర్‌లో ఒక్కో అంకెకి (1.00 కి) సుమారు 12 నుంచి 15 మైక్రాన్లు పోతుంది. మూత కింద కనీసం 250 నుంచి 300 మైక్రాన్లు మిగలాలి. ఆ మూత పూర్వంలా అతకదు, ఏళ్ల తర్వాత కూడా గట్టి దెబ్బకి జరిగే ప్రమాదం ఉంది. కబడ్డీ, బాక్సింగ్ ఆడేవాళ్లకి మూత లేని 'పీఆర్‌కే' పద్ధతి మేలు. అందులో మూడు నుంచి ఐదు రోజులు నొప్పి, చూపు పూర్తిగా కుదురుకోవడానికి ఒకటి నుంచి మూడు నెలలు. ఆ నెలల్లో యూవీ అద్దాలు లేకుండా ఎండలోకి వెళ్తే నల్లగుడ్డు మీద మచ్చలా పొగ కమ్మొచ్చు. మన ఊళ్లో దీన్ని ఏప్రిల్, మే నెలల్లో చేయించుకోకపోవడం మంచిది. 'స్మైల్' అనే ఇంకో లేజర్ పద్ధతిలోనూ మూత ఉండదు, చిన్న కోత మాత్రమే. నల్లగుడ్డు పలచగా ఉన్నవాళ్లకి, పవర్ బాగా ఎక్కువున్నవాళ్లకి కంటి లోపల అమర్చే ఐసీఎల్ అనే లెన్స్ ఉంది. ఏది చేసినా చత్వారం దాని టైముకి అది వస్తుంది. మైనస్ కన్ను పొడవు తగ్గదు కాబట్టి రెటీనా పరీక్షలూ ఆగవు.

హిమాలయాలకి వెళ్లేవాళ్లు లేజర్‌కీ ప్రయాణానికీ మధ్య కొన్ని నెలలు ఉంచుకోండి. ప్రతి 1000 మీటర్ల ఎత్తుకి యూవీ సుమారు 10 శాతం పెరుగుతుంది, కొత్త మంచు దానిలో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. అక్కడికి పక్కలు మూసిన కేటగిరీ 4 అద్దాలు కావాలి. రాత్రి లెన్స్ సొల్యూషన్ సీసాని స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోండి, లేదంటే గడ్డకడుతుంది.

ఏడో పని: సంచి సర్దడం, దెబ్బ తగిలితే చేయాల్సింది

సంచిలో ఉండాల్సినవి: గట్టి పెట్టెలో రెండో జోడు (పాత పవర్‌దైనా పర్లేదు), ఫ్రేమ్ స్క్రూలు రెండు, చిన్న స్క్రూడ్రైవర్, లెన్సులవాళ్లకి అదనంగా రెండు జతలు, నుదుటికి చెమటపట్టీ. కొత్త జోడుతో, కొత్త లెన్సులతో మొదటిసారి దూరం పోకండి. విజయవాడవాళ్లు గాంధీ కొండ, గుంటూరువాళ్లు మంగళగిరి మెట్లు ఒకసారి ఎక్కి దిగి చూసుకుంటే జారేది, మసకేసేది అక్కడే బయటపడుతుంది.

కంట్లో నలక పడితే నులమొద్దు. పైరెప్పని కిందిరెప్ప మీదికి లాగి వదలండి, లెన్స్ ఉంటే ముందు తీసి నీళ్లతో కడగండి. కొమ్మో ఆకో గీసుకుంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఆకులూ కంపా తగిలిన కంట్లో ఫంగస్ పుండు పడొచ్చు, మొదటి రెండ్రోజులు మామూలు ఎరుపులాగే ఉంటుంది. చనుబాలు, ఆముదం, ఆకుపసరు వేయొద్దు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గినట్టే తగ్గి లోపల పుండు ముదురుతుంది. లెన్స్ ఉంటే తీసి, పారేయకుండా డబ్బీలో వేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి, అవసరమైతే దాన్నీ పరీక్షిస్తారు.

షటిల్ గానీ బంతి గానీ తగిలి చూపు మసకేసినా, నల్లగుడ్డు కింద రక్తం పేరుకున్నా, మెరుపులు కనిపించినా, ఒకపక్క తెర దించినట్టయినా కంటిని నొక్కొద్దు. కాగితం కప్పు అడుగుభాగం కోసి, కంటికి తగలకుండా చుట్టూ ఎముక మీద ఆనేలా బోర్లించి టేపు వేయండి. అదే రోజు, అర్ధరాత్రయినా, కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.